పెట్టెలో బేతాళుడు



హిరణ్యకశిపుడు వరం కోరుకున్నప్పుడు పగలు చావు వద్దన్నాడు, రాత్రీ వద్దన్నాడు. ఇంట్లో వద్దన్నాడు, బయటా వద్దన్నాడు. తన లెక్క సరిపోయిందనుకున్నాడు. కాని పగటికీ రాత్రికీ మధ్య సంధ్య ఒకటున్నదనీ, లోపలికీ బయటికీ మధ్య గడప ఒకటున్నదనీ అతనికి తోచలేదు. లెక్కకు అందని ఆ సందులోనుంచే నరసింహుడు వచ్చాడు. మన పెద్దలు సంధ్యవేళను అంత జాగ్రత్తగా చూసుకోవడానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది. తెలిసిన లోకం ఆగిపోయి తెలియని లోకం ఇంకా మొదలుకాని వేళ అది.

ఆ సంధ్య పేరునే పెట్టుకున్న ఒక పాత అమెరికా టెలివిజన్ కథామాలికను గురించి ఈ టపా. దాని పేరు 'ట్విలైట్ జోన్'. సంధ్యామండలం అనుకోవచ్చు. కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి ఇంట్లో దీనిని మొదటిసారి చూశాను. నలుపు తెలుపుల బొమ్మ, అరగంట కథ. వ్యాకరణం చెప్పుకుని బతికిన పంతులుకు ఇందులో ఏముంటుందిలే అనుకుంటూ కూర్చున్నవాడిని, ఒక కథ అయ్యేసరికి ఉద్దానంలో నలభై ఏళ్ళ నాటి ఒక రాత్రి గుర్తుకు వచ్చి లేవలేకపోయాను. ఆ రాత్రి సంగతి చివర చెబుతాను. ముందు చరిత్ర.

ఈ మాలిక 1959 అక్టోబరు 2న సి.బి.ఎస్. ఛానెల్‌లో మొదలై 1964 జూన్ 19 వరకు నడిచింది. అయిదు విడతలు, మొత్తం 156 కథలు. నాలుగో విడతలో మాత్రం గంట కథలు, తక్కినవన్నీ అరగంటవే. దీనిని ధారావాహిక అనడానికి లేదు. ఈ వారం పాత్రలు వచ్చే వారం ఉండవు. ఊరు మారుతుంది, కాలం మారుతుంది, ఒక్కోసారి గ్రహమే మారుతుంది. మారనివాడు ఒక్కడే, కథ మొదట్లోనూ చివరా వచ్చి నాలుగు మాటలు చెప్పి పోయే సూత్రధారుడు. అతని పేరు రాడ్ సెర్లింగ్. మొదటి విడతలో అతని గొంతు తప్ప మనిషి దాదాపు కనిపించడు. రెండో విడత నుండి సూటు వేసుకుని తెర మీదికే వచ్చి నిలబడ్డాడు. ఆ 156 కథలలో 92 అతను రాసినవే. తక్కినవాటిలో రిచర్డ్ మాథిసన్, చార్లెస్ బోమాంట్ రాసినవి ఎక్కువ.

సెర్లింగ్ 1924 డిసెంబరు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు, బింగమ్టన్ అనే చిన్న ఊరిలో పెరిగాడు. హైస్కూలు చదువు ముగియగానే సైన్యంలో చేరి, పారాచూట్ దళంతో ఫిలిప్పీన్స్‌లోని లెయ్టె ద్వీపంలో యుద్ధం చేశాడు. అక్కడ ఒకనాడు తమ పక్షపు విమానాలే ఆకలితో ఉన్న దళాల కోసం ఆహారపు పెట్టెలు కిందికి జారవిడిచాయి. అందులో ఒక పెట్టె మీద పడి, అతని కళ్ళ ముందే, అతని మిత్రుడు చనిపోయాడు. అన్నం పెట్టవలసిన పెట్టె ప్రాణం తీసింది. ఇది చదివినప్పుడు, ఇతనికి ఆ తరువాత ఎవరూ కథా చమత్కృతి నేర్పనక్కరలేకపోయింది అనుకున్నాను. లోకం ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేమని ఇరవై ఏళ్ళకే చూసినవాడు అతను.

యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాక రేడియోకూ, కొత్తగా వస్తున్న టెలివిజన్‌కూ నాటకాలు రాశాడు. 1955లో 'పాటర్న్స్', 1956లో 'రెక్వియెమ్ ఫర్ ఎ హెవీవెయిట్' అతనికి గొప్ప పేరు తెచ్చాయి. అయినా తాను చెప్పదలచుకున్నది మాత్రం చెప్పలేకపోయాడు. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుణ్ణి తెల్లవాళ్ళు చంపారు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ నిందితులు నిర్దోషులని తేల్చింది. సెర్లింగ్ దీనిని నాటకంగా రాయబూనాడు. 'నూన్ ఆన్ డూమ్స్‌డే' పేరుతో 1956 ఏప్రిల్‌లో అది ప్రసారమయ్యే వేళకు కథలో కథ మిగలలేదు. చచ్చిపోయినవాడు నల్లవాడు కాకుండా పోయాడు. ఊరు దక్షిణాది నుండి ఉత్తరాన న్యూ ఇంగ్లండుకు తరలిపోయింది. చివరికి రంగస్థలం మీద శీతలపానీయం సీసా ఉన్నా దక్షిణాది స్ఫురిస్తుందని ఆ సీసానూ తీయించారట. 1958లో 'ఎ టౌన్ హాజ్ టర్న్‌డ్ టు డస్ట్' పేరుతో మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కథ 1870ల కాలానికి పోయింది, హతుడు మెక్సికో వాడైనాడు.

ఈ కోతలు ప్రభుత్వం పెట్టినవి కావు, కార్యక్రమానికి డబ్బు పెట్టే వ్యాపారులవి. 1959 ఏప్రిల్‌లో మరొక రచయిత నాటకం ఒకటి ప్రసారమైంది. నాజీల మీద న్యూరెంబర్గులో జరిగిన విచారణ అందులో వస్తువు. పోషకులు గ్యాసు వ్యాపారుల సంఘం వారు కావడంతో విషవాయువు గదుల ప్రస్తావన వచ్చిన చోట 'గ్యాస్' అన్న మాట వినపడకుండా చేశారు. లక్షల మందిని చంపినదానిని దాని పేరు పెట్టి పిలవడానికి వీలులేకపోయింది.

సెర్లింగ్ అప్పుడు ఒక ఉపాయం పన్నాడు. మిసిసిపీలో తెల్లవాడు చెప్పకూడని మాటను అంగారకుడి నుండి వచ్చినవాడి చేత చెప్పిస్తే ఎవరూ పట్టించుకోరని కనిపెట్టాడు. మాలిక మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు మైక్ వాలెస్ అతనితో మాట్లాడుతూ, ఇక ముఖ్యమైన విషయాలు రాయడం మానేసినట్టేనా అనే ధోరణిలో అడిగాడు. వర్తమాన సామాజిక సమస్యల జోలికి పోవడం లేదనే అర్థంలోనైతే నిజమేనని సెర్లింగ్ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఎంత గడుసుదో తరువాతి అయిదేళ్ళూ చూపించాయి. సంఘపు భయాలూ ద్వేషాలూ అన్నీ తిన్నగా ఇళ్ళలోకి వెళ్ళాయి, కాకపోతే గ్రహాంతరవాసుల వేషంలో.

పండిత శిక్షణ పొందినవాడికి ఇది వినగానే గుణాఢ్యుడు గుర్తుకురాక మానడు. శాతవాహన రాజు కొలువులో పందెం ఓడి, సంస్కృతం ప్రాకృతం దేశభాష మూడూ వదులుకున్నవాడు. పైశాచీ భాషలో తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడని ఐతిహ్యం. పిశాచభాష అని రాజు దానిని తిరస్కరించాడు. గుణాఢ్యుడు అడవిలో అగ్నిగుండం ముందు కూర్చుని, పశుపక్ష్యాదులకు చదివి వినిపిస్తూ ఒక్కొక్క పత్రమూ మంటలో వేశాడు. రాజు పరుగున వచ్చేసరికి మిగిలింది ఒక్క లక్ష. కొలువు వద్దన్న కథలు ఏ నోట బయటపడతాయో దీనివల్ల తెలుస్తుంది. పిశాచాల నోట.

ఆ మిగిలిన కథకు పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో చేసిన రూపమే కథాసరిత్సాగరం. అందులో నరవాహనదత్తుడు కర్పూరసంభవ నగరానికి పోతూ దారిలో సముద్రతీరాన ఒక పట్నం చూస్తాడు. వీధుల నిండా జనం. వర్తకులున్నారు, వేశ్యలున్నారు, పౌరులున్నారు, అందరూ కదులుతున్నారు. ఒక్కరూ మాట్లాడరు. దగ్గరికి పోయి చూస్తే అందరూ కొయ్యబొమ్మలు. ఆ ఊరంతటికీ ప్రాణమున్నవాడు రాజ్యధరుడు ఒక్కడే. కంచి నుండి పారిపోయి వచ్చిన వడ్రంగి, ఒంటరితనం భరించలేక యంత్రాలతో ఊరు కట్టుకున్నాడు.

ట్విలైట్ జోన్ మొట్టమొదటి కథ 'వేర్ ఈజ్ ఎవ్రీబడీ'. ఒకడు ఒక ఊరికి వస్తాడు. పొయ్యి మీద కాఫీ కాగుతున్నది, మనిషి లేడు. బండిలో ఒక స్త్రీ కూర్చున్నదని పరుగెత్తి తలుపు తీస్తే అది దుకాణంలో బట్టలు తొడిగే బొమ్మ. చివరికి తెలిసేదేమంటే, చంద్రయానానికి శిక్షణగా అతనిని ఇరవై రోజులకు పైగా ఒక పెట్టెలాంటి గదిలో ఒంటరిగా ఉంచారు. ఆ ఊరు అతని మనస్సు కల్పించుకున్నది. సెర్లింగ్ సోమదేవుణ్ణి చదివి ఉంటాడని నేను అనను. మనిషికి ఒంటరితనం ఒక్కటే, దానికి పుట్టే ఊరూ ఒక్కటే అంటాను.

కథాసరిత్సాగరంలోనే బేతాళుడి ఇరవై అయిదు కథలున్నాయి. వాటిలో ఒకదానిలో సోమప్రభ అనే కన్యకు ముగ్గురు వరులు, ఒకడు జ్ఞాని, ఒకడు విజ్ఞాని, ఒకడు శూరుడు. ఆమెను రాక్షసుడు ఎత్తుకుపోతే ఎక్కడ ఉన్నదో జ్ఞాని చెప్పాడు, విజ్ఞాని ఆకాశంలో పోయే రథం చేశాడు, శూరుడు రాక్షసుణ్ణి చంపాడు. కన్య ఎవరికి చెందాలి? వైజ్ఞానిక కల్పన అని ఈనాడు మనం పిలిచేదానికి విజ్ఞాని అన్న మాటతో సహా సామగ్రి అంతా ఇందులో ఉన్నది. అయితే కథకు కావలసింది రథం కాదు, రథం వచ్చాక పుట్టిన ధర్మసందేహం. సెర్లింగ్ కథలూ ఇంతే. రాకెట్టు వస్తుంది, కాని ప్రశ్న రాకెట్టును గురించి కాదు.

మన తెలుగువారికి ఈ బేతాళుణ్ణి ఇంటింటికీ తెచ్చినది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ఆ పత్రికను 1952 నుండి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు గారు నడిపారు. మూలంలోని ఇరవై అయిదూ అయిపోయాక కొత్త కథలు అల్లుతూ, చివర ప్రశ్న వేస్తూ, దశాబ్దాల తరబడి బేతాళుణ్ణి చెట్టెక్కించారు. శంకర్ గీసిన ఆ బొమ్మ, అంటే కత్తి దూసిన రాజు, భుజాన శవం, చుట్టూ పుర్రెలు, మన తరం కళ్ళలో ఇంకా చెరగలేదు. చందమామ ముఖచిత్రాలతో మనల్ని మురిపించిన వడ్డాది పాపయ్య గారు మా శ్రీకాకుళంలోనే పుట్టారని చెప్పుకోవడం మాకొక గర్వం. 1985లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాల్' తీస్తే దూరదర్శన్‌లో వచ్చింది. టెక్కలిలో అప్పటికి టీవీలు వేళ్ళ మీద లెక్క. ఒకరి ఇంటి వరండాలో ముప్పై మందిమి కూర్చుని, సగం చుక్కలే కనిపించే తెర మీద, రాని హిందీలో, తెలిసిన కథ చూశాము. బేతాళుడు చెట్టు మీదినుండి పెట్టెలోకి వచ్చాడని అప్పుడు నవ్వుకున్నాము. అమెరికాలో అంతకు పాతికేళ్ళ ముందే వచ్చాడని నాకప్పుడు తెలియదు.

ఇక ఆ రాత్రి సంగతి.

స్కైలాబ్ అమెరికా వారి అంతరిక్ష కేంద్రం, 1973 మే 14న ప్రయోగించారు. దాదాపు 77 టన్నుల బరువు. 1979 నాటికి అది కక్ష్య తప్పి కిందికి దిగసాగింది. ఎక్కడ పడుతుందో నాసా వారు కూడా చెప్పలేకపోయారు. భూమి మీద ఎవరో ఒక మనిషికి శకలం తగిలే అవకాశం 152లో ఒకటి అని లెక్క వేశారు. ఫలానా మనిషికి తగిలే అవకాశమైతే లేనట్టే. కాని లెక్కలు పల్లెలకు నడిచి వచ్చేలోగా పుకార్లు ఎగిరి వచ్చాయి. తెలుగునాట ఎన్నో ఊళ్ళలో జనం ఎలాగూ పోతామని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నారు, వచ్చిన ధరకు పశువులను అమ్ముకున్నారు.

అప్పుడు నేను భాషాప్రవీణ చదువుతూ సెలవులకు ఉద్దానంలోని మా పల్లెకు వచ్చి ఉన్నాను. మా ఊళ్ళో అందరూ 'రంగం తాత' అని పిలిచే ఒక పెద్దమనిషి ఉండేవాడు. మా ప్రాంతంలో రంగూనును రంగం అనడం వాడుక. పొట్ట చేతబట్టుకుని ఓడలెక్కి రంగం వెళ్ళినవారు ఉద్దానంలో ప్రతి ఊరికీ ఉన్నారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసినప్పుడు తాత అక్కడే రేవులో కూలి. ఆ తరువాత కాలినడకన కొండలూ అడవులూ దాటి వచ్చిన లక్షల మందిలో అతనొకడు. ఆ నడకలో ఒక బిడ్డను పోగొట్టుకున్నాడు. ఆకాశం కప్పు కింద పడుకోవడం అతనికి అలవాటు. నిద్ర పట్టక మంచం మీద కూర్చుని పైకి చూస్తూ ఉండేవాడు.

స్కైలాబ్ మాట వినగానే అతను తన కొబ్బరి తోటలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. రంగంలో దానిని ట్రెంచి అనేవారట. జులై మొదటి వారమంతా తవ్వాడు. ఊరు ముందు నవ్వింది. తరువాత ఆలోచించింది. ఈయనే ఎందుకు తవ్వుతున్నాడు? రాత్రిళ్ళు ఆకాశం కేసి ఏం చూస్తాడు? అది ఎక్కడ పడేదీ ఈయనకు ముందే తెలుసునా? బర్మా మంత్రాలేవో ఉన్నాయని ఒకరన్నారు. చిల్లంగి అని ఇంకొకరన్నారు. రామమందిరం అరుగు మీద నాలుగు రోజులలో ఆ మాట చెట్టంత అయింది.

జులై 10 రాత్రి పదిహేను మందిమి ఆ తోటకు పోయాము. 'తెలిసినోడివి, మాకు సెప్పకుండా నువ్వొక్కడివే గొయ్యి తవ్వుకున్నావేటి?' అని అడిగారు. 'ఇసక నేలరా బాబూ, నలుగురు దిగితే కూలిపోద్ది. మీ తోటల్లో మీరూ తవ్వుకోండి, ఎలా తవ్వాలో నాను సూపిస్తాను' అన్నాడు. ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు. పారలతో ఆ గొయ్యి పూడ్చేశారు. ముసలావిడ కొబ్బరి మాను పట్టుకుని చూస్తూ నిలబడింది. నేను పార పట్టలేదు. లాంతరు పట్టుకున్నాను.

నేను పత్రిక చదివినవాణ్ణి. ఆ భయానికి అర్థం లేదని ఆ పదిహేను మందిలో నాకొక్కడికే తెలుసు. చెప్పలేదు. మరునాటి రాత్రి మన కాలమానం ప్రకారం పది గంటల ప్రాంతంలో స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీదుగా పోయి ఆస్ట్రేలియా పశ్చిమాన ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలుగా పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. చెత్త పడవేసినందుకు అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా విధించిందట. ఆ వార్త విని మా ఊరు పగలబడి నవ్వింది. గొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. రంగం తాత ఆ తరువాత బతికిన ఆరేళ్ళూ రామమందిరం అరుగు ఎక్కలేదు.

మా అబ్బాయి ఇంట్లో నేను చూసిన కథ 'ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్'. 1960 మార్చి 4న ప్రసారమైనది. ఒక శనివారం సాయంత్రం వీధి మీదుగా ఏదో వెలుగు పోతుంది. కరెంటు పోతుంది, ఫోన్లు పలకవు, కార్లు కదలవు. గ్రహాంతరవాసులు మనుషుల రూపంలో ముందుగానే వచ్చి మన మధ్య ఉంటారని ఒక పిల్లవాడు తాను చదివిన కథ చెబుతాడు. అంతే, ఎవరు వారు అన్న వెదుకులాట మొదలు. ఒకాయన రాత్రిళ్ళు నిద్ర పట్టక బయట నిలబడి ఆకాశం చూస్తాడట. ఆ మాట వచ్చినప్పుడు నా చేతిలోని కాఫీ చల్లారిపోయింది. చీకట్లో నడిచి వస్తున్నవాణ్ణి శత్రువని కాల్చేస్తారు, అతను పక్క వీధికి పోయి తిరిగివస్తున్న పొరుగువాడే. గుట్ట మీద నిలబడి నిజమైన గ్రహాంతరవాసులు ఇదంతా చూస్తుంటారు. వారు చేసినదల్లా దీపాలు ఆర్పడమూ వెలిగించడమూ. తక్కినది మనుషులే చేసుకున్నారు.

1961 సెప్టెంబరు 29 నాటి 'ది షెల్టర్' మరీ దగ్గర. ఒక డాక్టరు తన ఇంటి కింద బాంబులకు తట్టుకునే గది కట్టుకున్నాడు. గుర్తు తెలియని వస్తువులు వస్తున్నాయని రేడియో ప్రకటిస్తుంది. అప్పటిదాకా అతని పుట్టినరోజు విందు తిన్న పొరుగువారే ఆ తలుపు బద్దలు కొడతారు. తమలో వలస వచ్చినవాణ్ణి నీకిక్కడ ఏం హక్కని దూషిస్తారు. అంతలో రేడియో మళ్ళీ చెబుతుంది. ఆ వస్తువులు ప్రమాదం లేని కృత్రిమ ఉపగ్రహాలని. స్కైలాబ్‌కు పద్దెనిమిదేళ్ళ ముందు రాసిన కథ. జోస్యమని దీనిని పొగడవచ్చు. నేను పొగడను. అతను ఉపగ్రహాలను చూసి రాయలేదు, పొరుగువారిని చూసి రాశాడు.

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. ఎన్నో ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మేపుల్ వీధిలో జరిగినదే మాకూ జరిగింది. నేను భయపడినట్టు మాత్రం కాలేదు. జనరేటరు ఉన్న ఇంటి ముందు ఊరంతా వరసగా ఫోన్లు పెట్టుకుని చార్జింగు చేసుకున్నారు. పడిన కాయలు కొట్టి పంచుకున్నారు. సహాయం బండి వచ్చినప్పుడు మాత్రం, ఎవరికి ముందు, ఎవరు మన ఊరివారు కారు అన్న గొణుగుడు నా చెవిన పడింది. ఈసారి నేను లేచి మాట్లాడాను. పెద్ద ఘనకార్యమేమీ కాదు. పంతులు చెప్పాడు కనుక విన్నారు.

సెర్లింగ్ 1975 జూన్ 28న, గుండెకు శస్త్రచికిత్స తరువాత, యాభై ఏళ్ళకే పోయాడు. ఆ మాలికను 1985లో, 2002లో, 2019లో కొత్తగా తీశారు. బ్రిటనులో 2011లో మొదలైన 'బ్లాక్ మిర్రర్' దాని వంశంలోదే. మన దగ్గర ఆకాశం నుండి లండను నడిబొడ్డున ఊడిపడిన గంధర్వుణ్ణి విశ్వనాథ వారు 'హాహాహూహూ'లో సృష్టించారు. సింగీతం వారు 1991లో 'ఆదిత్య 369'తో కాలయంత్రాన్ని కృష్ణదేవరాయల కొలువులో దింపారు. సరుకు లేక కాదు. అయినా వారం వారం ఒక కొత్త కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేసి, మనల్ని నిద్రపోనివ్వని బేతాళుడు తెలుగు పెట్టెలోకి రాలేదు. వచ్చినవన్నీ ఏళ్ళ తరబడి సాగే అత్తాకోడళ్ళ కథలు. వాటిలో ప్రశ్నలుండవు.

బేతాళుడు పెట్టిన షరతు మనందరికీ కంఠతా వచ్చినదే. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల వేయి ముక్కలవుతుంది. చిన్నప్పుడు అది భయపెట్టడానికి పెట్టిన మాట అనుకునేవాణ్ణి. తెలియకపోతే తప్పు లేదు, తెలిసీ ఊరుకుంటేనే శిక్ష. వేయి ముక్కలు ఒక్కసారిగా కావలసిన అవసరమూ లేదు. నలభై ఏళ్ళపాటు, ఏ కొబ్బరి తోట పక్కగా పోతున్నా, లాంతరు వెలుగులో ఒక ముసలావిడ ముఖం కనిపిస్తుంటే అదీ ఆ లెక్కలోదే.

స్వస్తి.